లీటరు నీళ్ళు

మా అత్త బుల్లమ్మకీ నాకూ మాటల్లేవు. పెళ్ళయి మూడేళ్ళవుతోంది. అప్పగింతలప్పుడు ఆవిడ నా చెవి దగ్గరకొచ్చి "నీ నీసు కంపు మా ఇంట్లోకి తేకు" అంది. "మీ బెల్లం మీద ముసిరే ఈగల కన్నా మా చేపలే శుభ్రం" అన్నాను. నోరు నాకూ ఉంది మరి. ఆ రోజు నుంచి ఒకే చూరు కింద ఉంటూ ఒకరితో ఒకరం మాట్లాడింది లేదు. ఏదన్నా చెప్పాలంటే మధ్యలో మా ఆయన దేవీప్రసాద్ ఉండాలి. ఆయన పరవాడలో డ్యూటీకి వెళ్ళిపోతే గోడకి చెప్పుకుంటాం. వినాల్సినవాళ్ళు వింటారు.

మాది పూడిమడక. నాన్న వేటకెళ్తాడు. అమ్మ ఎండుచేపల గంప నెత్తిన పెట్టుకుని అనకాపల్లి వీధులన్నీ తిరిగి నన్ను బీఎస్సీ నర్సింగ్ చదివించింది. ఇప్పుడు నేను అదే ఊళ్ళో ఒక నర్సింగ్ స్కూల్లో ట్యూటర్ని. అత్తవారిది తుమ్మపాల దగ్గర, చెరుకు పండించే కుటుంబం. నా చదువు, నా ఉద్యోగం, నా స్కూటీ, ఏదీ ఆవిడ కంటికి ఆనదు. ఆవిడకి నేను చేపలమ్మే రామాయమ్మ కూతురు లోవలక్ష్మినే. నాకు ఆవిడ ఒట్టి వేలిముద్ర. మా ఇద్దరికీ ఉమ్మడిగా ఉన్నది ఒక్కడే, నా కొడుకు మోహిత్. వాడికి పదకొండో నెల.

మొన్న మాఘమాసంలో, ఊళ్ళో బెల్లం గానుగలు జోరుగా ఆడుతున్న రోజుల్లో, ఒక మంగళవారం వాడికి విరేచనాలు పట్టుకున్నాయి. సాయంత్రం మందుల షాపులో ఓఆర్ఎస్ ప్యాకెట్లు కొని తెచ్చి పొయ్యి పక్కన పెట్టాను. అత్త అక్కడే కూర్చుని బియ్యం చెరుగుతోంది. ఆవిడ వైపు చూడకుండా మా ఆయనతో అన్నాను.

"రేపు నేను స్కూలుకెళ్ళేక, ఒక ప్యాకెట్టు ఒక లీటరు నీళ్ళలో కలపాలని సెప్పండి. కాసి సల్లార్సిన నీళ్ళు. విరేచనం అయినప్పుడల్లా సెంచాతో పట్టాలని సెప్పండి."

మా ఆయన వాళ్ళమ్మ వైపు తిరిగాడు. "ఇన్నావు గదమ్మా?"

"నాకు సెవుడు లేదు," అంది ఆవిడ, బియ్యంలో రాయి ఏరి పారేస్తూ. "కడుపు ఖాళీ అయిపోయిన గుంటడికి ఉప్పు నీళ్ళు పట్టీవోళ్ళని ఇక్కడే సూత్తన్నాను."

నాకు చర్రున ఎక్కింది. అయినా ఊరుకున్నాను. నేను చెప్పాల్సింది చెప్పేశాను, ఆవిడతో వాదన పెట్టుకునేంత ఓపిక నాకు లేదు. స్కూల్లో ఇంటర్నల్ పరీక్షలు జరుగుతున్నాయి, సెలవంటే ప్రిన్సిపాల్ మొహం మాడ్చుకుంటుంది. పొద్దున్నే పిల్లాడికి పాలిచ్చి వెళ్ళిపోయాను.

ఆ రోజు నేను చెప్పిన పాఠం ఆస్మొలారిటీ, అంటే ఒక ద్రవం ఎంత చిక్కనో చెప్పే అంకె. బోర్డు మీద లెక్క వేసి చూపించాను. లీటరులో ఎన్ని గ్రాములు కరిగిందో దాన్ని ఆ పదార్థం అణుభారంతో భాగించాలి. నీళ్ళలో పడ్డాక అది ఎన్ని ముక్కలవుతుందో దానితో హెచ్చించాలి, ఆ పైన వెయ్యితో. సెలైన్ లీటరుకి తొమ్మిది గ్రాముల ఉప్పు. తొమ్మిదిని యాభై ఎనిమిదిన్నరతో భాగిస్తే సున్నా పాయింట్ ఒకటి అయిదు నాలుగు. ఉప్పు రెండు ముక్కలవుతుంది కాబట్టి రెండింతలు చేసి వెయ్యితో హెచ్చిస్తే మూడు వందల ఎనిమిది. మన రక్తం రెండు వందల తొంభై దగ్గర ఉంటుంది. దాదాపు సమానం కాబట్టి కణం ఉబ్బదు, ముడుచుకోదు.

"మరి అయిదు శాతం గ్లూకోజు?" అన్నాను.

కుమారి అనే అమ్మాయి లేచింది. "రెండు వందల డెబ్బై ఎనిమిది మేడమ్. అదీ సమానమే."

"సీసాలో సమానం. ఒంట్లోకెళ్ళాక?"

కుమారి నోట్సు పేజీలు తిప్పింది.

"ఒంట్లోకెళ్ళాక గ్లూకోజుని కణాలు తినేస్తాయి. మిగిలేది ఒట్టి నీళ్ళు. అవి కణాల్లోకి దూరి కణాల్ని ఉబ్బిస్తాయి. అంకె ఎంతన్నది ఒకటి, అది కణాన్ని ఏం చేస్తుందన్నది ఇంకొకటి. ఈ రెండోదాన్నే టానిసిటీ అంటారు. అంకె చూసి మురిసిపోయి చకచకా ఎక్కించేస్తే మెదడు ఉబ్బి పేషెంటు పోతాడు. అప్పుడు నీ రెండు వందల డెబ్బై ఎనిమిది వెళ్ళి వాడి ఫోటోకి దండ వేస్తుందా?"

క్లాసంతా నవ్వింది. కుమారి కళ్ళనీళ్ళు పెట్టుకుంది. ఆ అమ్మాయికి అర్థమయ్యేదాకా అదే విషయాన్ని మూడు రకాలుగా చెప్పాను, గుడ్డు బొమ్మ గీసి, కిస్‌మిస్ నానబెట్టి చూపించి. నాకు నోటి దురుసుందేమో గానీ పాఠం చెప్పడంలో బద్ధకం లేదు.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి లీటరు సీసా కడిగి బోర్లించి ఉంది. అంటే పట్టిందన్నమాట. విరేచనాలు మాత్రం తగ్గలేదు సరికదా, నీళ్ళలా అవుతున్నాయి. "ఎంత పట్టినా సాలట్లేదు, గ్లాసు లాగేసుకుంతన్నాడు" అని ఆవిడ గోడకి చెప్పింది. దాహం ఉందంటే మంచిదే, తాగుతున్నాడు కదా అనుకున్నాను. ఆ పూట నా పాలు కూడా ఆబగా తాగాడు.

గురువారం తెల్లవారేసరికి వాడి ఏడుపు మారిపోయింది. సన్నగా, కీచుగా, పిల్లాడి ఏడుపులా లేదు. పొట్ట మీద చర్మం పట్టుకుంటే మైదాపిండి ముద్దలా ఉంది. ఆటోలో వెళ్తుండగా నా ఒళ్ళోనే కళ్ళు తేలేసి ఫిట్స్ తెచ్చుకున్నాడు. ఆ అయిదు నిమిషాల గురించి నేను ఎవరికీ చెప్పలేను.

పిల్లల డాక్టరు మహేశ్వరరావు ఫిట్స్ ఆపి, రక్తం తీయించి, రిపోర్టు పట్టుకుని మా ముగ్గురి ముందుకీ వచ్చాడు.

"సోడియం నూట అరవై ఎనిమిది. నూట నలభై ఉండాలి. ఓఆర్ఎస్ పట్టారా? ప్యాకెట్ మొత్తం ఒక గ్లాసు నీళ్ళలో కొట్టేశారా? మీరు నర్సింగ్ ట్యూటర్ అని రాశారు ఇక్కడ. ఇంట్లో ఈ మాత్రం చూసుకోలేరా?"

నర్సులు నా వైపు చూశారు. వాళ్ళలో ఇద్దరు నా దగ్గర చదువుకున్నవాళ్ళే. సిగ్గుతో నా తల కొట్టేసినట్టయింది. ఆ సిగ్గంతా కోపమై అత్త మీదకి తిరిగింది. మూడేళ్ళ తర్వాత ఆవిడ మొహంలోకి సూటిగా చూసి మాట్లాడాను.

"గ్లాసులో కలిపేవా?"

"లీటరు సీసాతో కొలిసేను. ఒక్క సుక్క తక్కువైతే నా కళ్ళు పోవాలి."

"అబద్ధం."

"నీ ఉప్పే సంపుతోంది నా మనవణ్ణి. ఉప్పులో పుట్టి ఉప్పులో పెరిగినోళ్ళకి ఆ తేడా ఏటి తెలుత్తాది?"

"ఆపండి ఇద్దరూ," అన్నాడు మా ఆయన. తర్వాత నాతో గొంతు తగ్గించి, "అమ్మ ఒట్టేత్తంది గదా" అన్నాడు. అలాగైతే మీ అమ్మ పక్కనే నిలబడండి, నా దగ్గరకి రావద్దన్నాను.

డాక్టరు ఉప్పు సగమే ఉన్న సెలైన్ చాలా మెల్లగా ఎక్కించమన్నాడు. రెండు రోజుల్లో కొంచెం కొంచెంగా దించాలి, గబగబా దించితే మెదడు ఉబ్బుతుంది. నోటితో తల్లిపాలు తప్ప ప్రస్తుతానికి ఏమీ వద్దన్నాడు. మంచం దగ్గర ఒక్కరే ఉండాలి కాబట్టి నేనూ అత్తా వంతులేసుకున్నాం. మందులకీ, రక్తం ట్యూబులు ఎదురు వీధి ల్యాబులో ఇవ్వడానికీ నేను వెళ్ళేదాన్ని. అప్పుడు ఆవిడ కూర్చునేది.

సాయంత్రానికి నూట అరవై అయిదుకి దిగింది. ఊపిరి పీల్చుకున్నాను. శుక్రవారం పొద్దున్న రిపోర్టులో నూట అరవై తొమ్మిది. విరేచనాలు ఎనిమిది.

"నోట్లో ఏం పెడుతున్నారు?" అన్నాడు డాక్టరు.

"పాలు తప్ప ఏమీ లేదు సార్."

"అయితే నా డ్రిప్ లెక్క తప్పా? వేగం పెంచాలి."

"వద్దు సార్, మెదడు..."

"నాకు పాఠం చెప్పకండి. పెంచితే ఏమవుతుందో నాకు తెలుసు. పెంచకపోతే ఏమవుతుందో కూడా తెలుసు." ఆయన రిపోర్టు మంచం మీద పడేశాడు. "మధ్యాహ్నం రెండు గంటలకి మళ్ళీ రక్తం తీస్తాను. అప్పటికీ దిగకపోతే వైజాగ్ పంపించేస్తాను. దారిలో ఫిట్స్ వస్తే నేనేం చెప్పలేను."

అప్పుడు టైము తొమ్మిదిన్నర. నాలుగున్నర గంటలుంది. డ్రిప్ ఎంత వెళ్ళింది, పాలు ఎన్నిసార్లు తాగాడు, విరేచనంలో ఎంత పోయి ఉంటుంది, అన్నీ కాగితం మీద వేసుకున్నాను. ఎటు కూడినా కుదరలేదు. ఇంత ఎక్కుతున్నా వాడి ఒంట్లో నీళ్ళు ఎక్కడో కారిపోతున్నాయి, ఎందుకు కారుతున్నాయో తెలియట్లేదు. లెక్క రాక ఏడిచింది నా జీవితంలో అదొక్కసారే.

పదిన్నరకి మందులు తెచ్చి లోపలికి రాగానే పిల్లాడి మెడ కింద గుడ్డ మారుద్దామని తీశాను. దాని నిండా ఎర్రచీమలు. దులిపి చూస్తే మంచం కోడు వెంట బారు కట్టి ఉన్నాయి. ఆ బారు పట్టుకుని వంగి చూశాను. అత్త గుడ్డసంచిలోకి వెళ్తున్నాయి.

సంచి లాగాను. ఆవిడ ఇంకో కొస పట్టుకుంది. "నా సంచి నీకేటికి?" అంది. ఇద్దరం ఆసుపత్రి వార్డులో కుళాయి దగ్గర బిందెల కోసం కొట్టుకునేవాళ్ళలా పెనుగులాడాం. లీటరు స్టీలు ఫ్లాస్కు కింద పడి దొర్లింది, దాని వెనకే కత్తిరించిన ఓఆర్ఎస్ ప్యాకెట్టు కూడా. మూత తీశాను. ఇప్పుడే గానుగ ఆడించిన చెరుకు రసం వాసన. వేలు ముంచి నాలిక మీద పెట్టుకున్నాను. ముందు తీపి, దాని వెనక సన్నగా ఉప్పు.

ఆవిడ ఓఆర్ఎస్ ప్యాకెట్ కొలత తప్పకుండా లీటరులోనే కలిపింది. లీటరు నీళ్ళలో కాదు, లీటరు చెరుకు రసంలో.

నా అరుపుకి నర్సులు, డాక్టరు, పక్క మంచాలవాళ్ళు అందరూ పోగయ్యారు. మా ఆయన పరిగెత్తుకొచ్చాడు. రసం తెచ్చింది ఆయనే. అమ్మ తాగుతుందేమోననుకుని గానుగ దగ్గర రెండు పూటలా ఫ్లాస్కు నింపించి తెచ్చాడట. నేను రిపోర్టు కవరు వెనక్కి తిప్పి, అందరూ చూస్తుండగా అంకెలు వేసి ఆవిడ మొహం మీద పెట్టాను.

"ఇదిగో సూడు. లీటరు రసంలో సెక్కర తక్కువలో తక్కువ నూట యాభై గ్రాములు. మూడు వందల నలభై రెండుతో భాగించి వెయ్యితో హెచ్చిత్తే నాలుగు వందల ముప్పై తొమ్మిది. ప్యాకెట్టుది రెండు వందల నలభై అయిదు. రెండూ కలిపితే ఆరు వందల ఎనభై నాలుగు. పేగులోకెళ్ళేక ఆ సెక్కర ఒక్కోటీ రెండు ముక్కలవుద్ది, అంటే ఇంకో నాలుగు వందల ముప్పై తొమ్మిది. మొత్తం పదకొండు వందల ఇరవై మూడు. నీ మనవడి రక్తం రెండు వందల తొంభై. నువ్వు మూడు రోజుల్నుంచీ వాడికి పట్టింది ఇది."

నాకు తృప్తిగా ఉంది, అబద్ధమెందుకు చెప్పాలి. మూడేళ్ళుగా ఆవిడ అన్న ప్రతి మాటకీ ఆ కవరు మీద జవాబు రాసినట్టుంది.

ఆవిడ కవరు వైపు చూడలేదు.

"ముగ్గుర్ని కన్నాను. ముగ్గురికీ రసం పట్టే పెంచేను. నీళ్ళలో ఏటి బలముంది? మీరంతా కలిసి గుంటడి నోరు కట్టీసి సూదులు గుచ్చుతున్నారు. సూత్తా ఊరుకోలేకపోయేను." తల వంచలేదు. "అంకెలు నాకెందుకు సెప్తావు? నీళ్ళలోనే ఎందుకు కలపాలో ఒక్కసారి సెప్పేవా? ఎవులితో సెప్పేవు? వీడితో సెప్పేవు. వీడికి తెలుసా?"

మా ఆయన తల దించుకున్నాడు. కుమారికి మూడు రకాలుగా చెప్పాను. నా కొడుకుని రోజంతా ఎవరి చేతిలో పెట్టి వెళ్తున్నానో ఆ మనిషికి ఒక్క వాక్యం చెప్పలేదు. ఆవిడకి అర్థం కాదని ముందే తేల్చేశాను, లేదా అర్థమవాలని నాకు లేదు. రెండో మాటే నిజమనుకుంటాను.

అయినా తగ్గలేదు. "ఈవిణ్ణి లోపలికి రానివ్వకండి" అని నర్సుకి చెప్పి ఆవిణ్ణి వరండాలోకి పంపించేశాను.

రెండింటికి సోడియం నూట అరవై ఏడు. తిరుగుముఖం పట్టింది. డాక్టరు మొహం కాస్త తేటపడింది.

"వైజాగ్ అక్కర్లేదు. కానీ డ్రిప్ ఒక్కటీ చాలదు. ఇప్పుడు నోటితో కూడా వెళ్ళాలి. ఓఆర్ఎస్ సరిగ్గా నీళ్ళలో కలిపి, నిమిషానికో చెంచా. అది లోపల ఉంటే పిల్లాడు గట్టెక్కుతాడు. మళ్ళీ పొరపాటు జరిగితే నా దగ్గరకి రాకండి."

లీటరు కొలిచి కలిపాను. చెంచా నోటికి అందించాను. మోహిత్ ఉమ్మేశాడు. మళ్ళీ పెట్టాను, మళ్ళీ ఉమ్మేశాడు. మూడు రోజులు తీపి మరిగిన నోరు. ముక్కు మూసి పోస్తే పొలమారి నీలం తిరిగాడు. నర్సు ప్రయత్నించినా అంతే. అరగంటలో వాడి పొట్టలోకి ఒక్క చెంచా కూడా వెళ్ళలేదు. కీచుగొంతుతో తలుపు వైపు చేతులు చాపి ఏడుస్తున్నాడు. ఎవరి కోసమో నాకు తెలుసు. తెలిసి ఇంకో పది నిమిషాలు మొండిగా కూర్చున్నాను. ఆ పది నిమిషాలూ నా కొడుకువి, నావి కావు.

వరండాలో ఆవిడ గోడకి ఆనుకుని కింద కూర్చుని ఉంది. నేనెళ్ళి ఎదురుగా గొంతుక్కూర్చున్నాను. ఆవిడ మొహం తిప్పుకుంది.

"అత్తా, ఏటేటా మాగాయ పెడతావు గదా. ముక్కల మీద ఉప్పేసి ఉంచితే ఏటవుద్ది?"

పిచ్చిదాన్ని చూసినట్టు చూసింది. "ఊట దిగుద్ది" అంది.

"ఆ నీళ్ళెక్కడివి? నువ్వు పోసేవా?"

"ముక్కలోవి."

"మరి ముక్క?"

"ముడుసుకుపోద్ది."

"బెల్లం వేసినా అంతే. బయట ఉన్నది సిక్కనైతే లోపలి నీళ్ళు బయటికి వచ్చీత్తాయి. నువ్వు పట్టిన రసం వాడి రక్తం కన్నా సిక్కన. అది పేగులో పడి ఒంట్లో నీళ్ళన్నీ పేగులోకి లాగీసింది. అవే విరేచనంలో పోయేయి, రక్తంలో ఉప్పు సిక్కబడిపోయింది. ఒళ్ళెండిపోయి దాహమేసి గ్లాసు లాక్కున్నాడు. నువ్వు మళ్ళీ అదే పట్టేవు."

ఆవిడ కుడి అరచెయ్యి ఒళ్ళో తెరిచి దాని వంక చూసుకుంది.

"అయితే నేను గుంటణ్ణి ఊరేసేనా?" అంది.

ఆవిడ కుప్పకూలాలని నేను కోరుకున్న రోజులు చాలా ఉన్నాయి. తీరా కూలుతుంటే చూడటం చాలా కష్టంగా ఉంది. కాదని అనొచ్చు. అది నిజం కాదు కాబట్టి అనలేదు.

"నువ్వు ఊరేసేవు," అన్నాను. "ఎందుకో సెప్పకుండా నేను మూత పెట్టేను. ఇప్పుడు నా సేత్తో పడితే ఉమ్మేత్తన్నాడు. లోపలికి రా."

"నేనింక వాణ్ణి ముట్టుకోను."

"ముట్టుకోకపోతే పోతాడు. రా."

వచ్చింది. నేను మళ్ళీ మొదట్నుంచీ ఆవిడ ముందే కలిపాను, నీళ్ళు కొలిచి, ప్యాకెట్ కత్తిరించి. ఆవిడ ఒక చుక్క నాలిక మీద వేసుకుని చూసింది. మోహిత్‌ని ఒళ్ళోకి తీసుకుంది. పదకొండు నెలలు నా పాలు తాగినవాడు, నా చెంచా ఉమ్మేసినవాడు, అవే నీళ్ళు ఆవిడ చేత్తో పెడితే మొహం చిట్లించి మింగాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. మండుతున్న ఒంటితోనే పక్కన కూర్చుని గడియారం చూస్తూ నిమిషాలు చెప్పాను.

ఆరింటికి నూట అరవై అయిదు. "ఇలాగే మెల్లగా దిగనివ్వండి, గండం గడిచినట్టే" అన్నాడు డాక్టరు. అది విన్నాక కూడా ఆవిడ నా వైపు చూడటం మానలేదు. ప్రతి చెంచాకీ ముందు, పట్టమంటావా అన్నట్టు నా మొహంలోకి చూసేది. మూడేళ్ళుగా ఆవిడ నా ముందు లొంగాలని కోరుకున్నదాన్ని, ఆ చూపు భరించలేక ఒకసారి మొహం తిప్పుకున్నాను. చెంచా గాల్లోనే ఆగిపోయింది. నేను మళ్ళీ ఇటు తిరిగి తలూపేదాకా వాడి నోరు తెరుచుకునే ఉంది.